పేరుకీ పేరుకీ మధ్య

క్లీవ్‌లాండ్
ఫిబ్రవరి 9

వదినా,

నీ జలుబు తగ్గిందా? ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకుని మానేశాను. ఫోన్లో నువ్వు "ఆఁ, ఆఁ" అంటావే గానీ నేనన్నది ఒక్క ముక్క నీకు ఎక్కదు. చెవి మిషన్ పెట్టుకుంటే గీ అంటుందంటావు, పెట్టుకోకపోతే వినపడదంటావు. కాబట్టి ఉత్తరమే గతి. మీ పెళ్లైన కొత్తలో నువ్వు నాకు రాసేదానివి, ఇప్పుడు నేను నీకు రాస్తున్నా. ఇక్కణ్ణుంచి ఫెయిర్‌పోర్ట్ ఎంత దూరం గనక, కానీ కంటి ఆపరేషన్ అయ్యాక నన్ను కారు తోలవద్దన్నారు. ఈ మంచులో మూడు బస్సులు మారి రావడానికి నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు.

అసలు సంగతి, మా రేడియో స్టేషన్ అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు దక్షిణాదిలో ఎక్కడో ఉంటారట, మనిషన్నవాడు ఇంతవరకు కనపడలేదు. వాళ్ల తరఫున కోల్బీ అనే కుర్రాడు దిగాడు. ఎవరు ఏ స్టేషన్ ఎంతసేపు వింటున్నారో లెక్కలు తీయడం అతని పని. మర్యాదస్తుడే, అందుకే గట్టిగా కోప్పడ్డానికి కూడా వీల్లేక నాకు మరీ చిరాగ్గా ఉంది.

లాప్‌టాప్‌లో ఒక గీత చూపించాడు. నా ఆదివారం పోల్కా డాన్సు పాటల కార్యక్రమం రెండు గంటలూ ఆ గీతలో ఉందట. పాటలున్నంతసేపూ గీత నిలబడే ఉంది. చివర్లో ఆ వారం పోయినవాళ్ల పేర్లు చదువుతానే, అక్కడ గోతిలో పడ్డట్టు పడిపోయింది.

"డార్లీన్ గారూ, మీరు ఇక్కడ ప్రతి పేరు తర్వాతా ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా జనం వెళ్లిపోతున్నారు" అన్నాడు.

"వెళ్లిపోవడం లేదు బాబూ, సిలువ గుర్తు వేసుకుంటున్నారు" అన్నాను.

ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో దేవుడికే తెలియాలి. నాన్న ఈ కార్యక్రమం నడిపిన రోజుల నుంచీ అంతే కదా వదినా. పేరుకీ పేరుకీ మధ్య ఒక మనిషి గుమ్మం దాటేంత చోటు వదలాలి అనేవాడు. అది నాకు తెలిసిన ఒకే ఒక్క రేడియో విద్య.

జూన్ ఆఖరుకి తేలుస్తారట. వినేవాళ్ల అంకెలు లేవకపోతే ఆదివారాలు కంప్యూటరే పాటలు వేస్తుంది. మన సెయింట్ క్లెయిర్ వీధిలో ఎవరు పోయారో దానికి ఎవరు చెబుతారు? చూస్తూ చూస్తూ ఈ రెండు గంటలూ వదులుకోలేను. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఆదివారమే. అది కూడా తీసేసుకుంటే వారమంతా నాకు సోమవారాలే. రాత్రిళ్లు నిద్ర పట్టక లేచి ఇంట్లో తిరుగుతున్నా.

మొన్నటి ఆదివారం అన్నయ్యకిష్టమైన వాల్ట్జ్ పాట వేశాను. విన్నావా? ఎలా ఉందో రాయి.

నీ డార్లీన్

&nbsp;

ఫెయిర్‌పోర్ట్ హార్బర్
ఫిబ్రవరి 20

డార్లీన్‌కు వదిన ఆశీస్సులు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఎమిల్ పోయాక నాకు ఆ సగమే మిగిలింది. అది కూడా రెండు పేజీల నిండా ఏడుపు రాసి పంపితే ఎట్లా? జలుబు తగ్గింది. శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడికి వెళ్లి పిండి కలిపి వచ్చాను. నేను కలిపితేనే పెచ్చు కరకరలాడుతుందని ఫాదర్ గారికి నమ్మకం. ఉప్పు ఎక్కువైందని మాత్రం ఎవరూ నా మొహం మీద అనరు.

ఆదివారం రేడియో మొదటి నుంచి చివరిదాకా పెట్టే ఉంది. మీట కూడా ముట్టుకోలేదు. నీ కార్యక్రమానికి నేను ఎప్పుడైనా అడ్డం వెళ్లానా?

ఆ కుర్రాడు ఏవేవో గీతలు చూపిస్తాడు, చూపించనీ. వాడి జీతం దానికే. వాడు చెప్పాడని ఆగడం మాత్రం మానకు. ఈ ఒక్క మాట నా కోసం విను.

నాకూ ఒక కొత్త పని దొరికింది. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను, కాబట్టి అడక్కు. డాక్టర్లతో సంబంధం లేదు, మగవాళ్లతో అంతకన్నా లేదు.

రాత్రిళ్లు తిరగకు, మోకాళ్లు పాడైపోతాయి.

మీ వదిన బర్నీస్

&nbsp;

క్లీవ్‌లాండ్
ఏప్రిల్ 14

వదినా,

కూర్చుని చదువు. నా అంకెలు లేచాయి. కొద్దో గొప్పో కాదు, కోల్బీ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అరవై అయిదు దాటిన ఆడవాళ్లలో, ఆదివారం ఆ రెండు గంటలకీ, ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటిలోనూ మేమే మొదట.

"ఎంతమంది?" అని అడిగాను.

నసిగాడు. "నిజం చెప్పాలంటే ఒక్కావిడ."

వాళ్ల పద్ధతి అదట. ఎంచుకున్న కొన్ని ఇళ్లకి చిన్న పెట్టెలిస్తారు. నడుముకు తగిలించుకుని తిరగాలి. మేం పంపే ధ్వనిలో మనిషి చెవికి అందని గుర్తు ఒకటి కలిసి వెళ్తుంది. పక్కన రేడియో మోగితే పెట్టె ఆ గుర్తును పసిగట్టి, ఏ స్టేషనో దాచుకుంటుంది. ముసలమ్మలు ఆ పెట్టెలు మొయ్యడానికి ఒప్పుకోరు కాబట్టి ఒప్పుకున్న ఒక్కొక్కరూ వేలమంది కింద లెక్క. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, అలాగన్నమాట. ఆ మెతుకు నా పక్షాన ఉంది.

ఎవరావిడ అన్నాను. తనకీ తెలియదట, తెలియకూడదట. పెట్టె ఉన్నట్టు వాళ్లు బయట ఎవరికీ చెప్పకూడదు, రేడియోవాళ్లకి అసలే చెప్పకూడదు.

ఆవిడ గురించే ఆలోచిస్తున్నా. మొదటి పాట నుంచి చివరి దాకా కదలదట వదినా. నన్ను అంతసేపు భరించిన మనిషి ఇంకొకరు లేరు. నీకన్నా ఆవిడే నయం, ఏమీ అనుకోకు. ఇప్పుడు మైకు ముందు కూర్చుంటే ఆవిడతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. వంటింట్లో పొటీత్సా రొట్టె చుడుతూ ఉంటుందనుకుంటా, చేతుల నిండా వాల్‌నట్ పొడితో.

ఒకటే చిక్కు. ఆ గుర్తు ధ్వనిలో దాక్కుని వెళ్తుంది. ధ్వని లేకపోతే గుర్తూ లేదు. నేను ఆగితే పెట్టె దృష్టిలో నేను లేనట్టే. "అయితే జనం వెళ్లిపోవడం లేదన్నమాట, అన్యాయంగా అన్నావే" అన్నాను. "జనం సంగతి నేను చెప్పలేనండీ, పెట్టె మాత్రం వెళ్లిపోతోంది" అన్నాడు. పాపం నిజమే చెప్పాడు.

అందుకని పేర్ల కింద అకార్డియన్ సంగీతం వేయిస్తున్నా, సన్నగా. ఖాళీ లేకుండా పేరు వెంట పేరు. నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు. కానీ నాన్నని జూన్ ఆఖరుకి తేలుస్తామని ఎవరూ బెదిరించలేదు కదా.

నీ డార్లీన్

&nbsp;

ఫెయిర్‌పోర్ట్ హార్బర్
మే 4

డార్లీన్,

ఇన్ని ఆదివారాలు ఓర్చుకున్నాను. పేర్లు ఏం చేశావు? ఎక్కడ మొదలవుతున్నాయో, ఎక్కడ అయిపోతున్నాయో తెలియడం లేదు. మొదటి నుంచి చివరిదాకా ఒకటే రొద. మనవాళ్లలో ఎవరో పోయారని కూడా తెలియకుండా నేను భోజనానికి లేస్తున్నాను. ఇది బాగాలేదు. మీ నాన్న కార్యక్రమం ఇలా ఉండేది కాదు, పోయిన చలికాలం దాకా నీదీ ఇలా లేదు.

ముందు ఎలా ఉండేదో అలా చెయ్యి.

వదిన

&nbsp;

క్లీవ్‌లాండ్
మే 9

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

పేర్లు తెలియడం లేదా? ఎప్పటికన్నా గట్టిగా చదువుతున్నా. స్టూడియో గోడలకి కూడా కంఠతా వచ్చేశాయి. ఏప్రిల్లో అంత వివరంగా రాస్తే నీకు అర్థమైంది ఇదా? నా ఆదివారం ఉంటుందో ఊడుతుందో తెలియక నేను చస్తుంటే, సంగీతం ఎక్కువైందని నీ గొడవ. నీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

నీ ఒక్కదానికి నచ్చకపోతే నేనేం చెయ్యను? ఆవిడకి నచ్చింది. అకార్డియన్ మొదలుపెట్టాక కూడా ఆవిడ ఒక్క నిమిషం కదల్లేదు. నాకు ఉద్యోగం నిలబెడుతున్నది ఆవిడ, నువ్వు కాదు.

కోపంలో రాశాను. అయినా చింపను.

డార్లీన్

&nbsp;

ఫెయిర్‌పోర్ట్ హార్బర్
మే 15

డార్లీన్‌కు,

శంఖం బాగానే ఊది ఉంటావు. నాకు వినపడలేదు. నిజంగానే వినపడలేదు.

కిందటేడు అక్టోబరు నుంచి నాకు ఏ శబ్దమూ లేదు. మిషన్ పెట్టినా లేదు. మొహాలు చూసి మాటలు పట్టుకుంటున్నాను. క్రిస్మస్‌కి నీ జోకుకి అంత నవ్వానంటే, అందరూ నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. చెబితే మర్నాడే నన్ను మూట కట్టి మీ ఇంటికి తీసుకుపోతావు. నాకు ఈ ఇల్లు, ఈ సరస్సు గాలి, ఆ చేపల పిండి కావాలి. అందుకని చెప్పలేదు.

ఇంకోటి. నువ్వు అంత ప్రేమగా రాస్తున్న ఆవిడని నేనే.

ఫిబ్రవరిలో ఒకమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. లైటు వెలిగే గంట పెట్టించుకున్నాలే, అలా తెలిసింది. ఇంట్లో ఎవరైనా రేడియోలో పనిచేస్తున్నారా అని కాగితం చూసి అడిగింది. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, లేరన్నాను. ఎంత చదువుకున్నారు, ఎన్ని కార్లున్నాయి, అన్నీ అడిగింది. చెవులు వినిపిస్తాయా అని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

మరి రేడియో ఎందుకు పెడతానంటావు. ఎమిల్ కొన్న పాత చెక్క రేడియో ఉంది కదా. ఆదివారం దాని పక్కన కూర్చుని పైన అరచెయ్యి పెడతాను. పోల్కా అయితే చెయ్యి అదురుతుంది, వాల్ట్జ్ అయితే ఊగుతుంది. నువ్వు మాట్లాడితే సన్నగా గరగర. చివర్లో కాస్త గరగరమని ఆగేది. మళ్లీ గరగర, మళ్లీ ఆగేది. అవి పేర్లు. ఎవరి పేరో నాకు తెలియదు, కానీ ఒక మనిషి పోయాడని తెలిసేది. ఆగినప్పుడల్లా సిలువ గుర్తు వేసుకుని, నువ్వెవరివైనా సరే చల్లగా ఉండు అనుకునేదాన్ని. పేపర్లో చూసుకోవచ్చు కదా అనకు. పేపరువాళ్లు అడిగే డబ్బుకి మనవాళ్లలో సగం మంది చావు కబురు వేయించడమే మానేశారు.

నువ్వు ఆగే చోట నీ పెట్టెకి ఏమీ వినపడదన్నావు. నాకు వినపడేది ఆ ఒక్క చోటే. అది కూడా ఇప్పుడు పూడ్చేశావు.

ఇదీ సంగతి. నీకు చెప్పేశాను కాబట్టి రూలు ప్రకారం పెట్టె తిరిగి పంపేయాలి. పంపితే నీ అంకె పోతుంది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

మీ వదిన

&nbsp;

క్లీవ్‌లాండ్
మే 18

వదినా,

పంపకు. ఎవరికీ చెప్పకు. జూన్ ఆఖరుదాకా తగిలించుకో, నీకు దణ్ణం పెడతాను.

మిగతాది తర్వాత రాస్తా. నీకు చెవులు పోతే ఏడు నెలలు నాకు తెలియలేదు, తెలిసిన రోజు నేను రాస్తున్న ఉత్తరం ఇది. నన్ను నేను తిట్టుకుంటూనే అడుగుతున్నా. పంపకు.

డార్లీన్

&nbsp;

ఫెయిర్‌పోర్ట్ హార్బర్
మే 24

డార్లీన్‌కు,

సరే, పంపను.

ఒక తమాషా చెప్పనా? ఆ పెట్టె కదులుతూ ఉండాలి. బల్ల మీద ఊరికే పడేస్తే, మనిషి మోయడం లేదని కనిపెట్టి లెక్కలోంచి తీసేస్తారట. అందుకని ఆదివారం ఊగే కుర్చీలో కూర్చుని రెండు గంటలూ ఊగుతున్నాను. ఇదివరకైతే రేడియో మీద చెయ్యి ఉండేది. ఇప్పుడు పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి కుర్చీ చేతులు పట్టుకుంటున్నాను. పక్కింటి మిసెస్ లాహ్తి కిటికీలోంచి చూసి, ఈవిడకి మతి పోయిందని ఖాయం చేసుకుంది. నిన్న సూప్ తెచ్చి ఇచ్చింది.

నువ్వడిగావు, చేస్తున్నాను. ఎమిల్ చెల్లెలివి, నిన్ను రోడ్డు మీద పడనివ్వను. కానీ దీన్ని వినడం అనకు. అది మాత్రం ఒప్పుకోను.

వదిన

&nbsp;

క్లీవ్‌లాండ్
జూన్ 19

వదినా,

మంగళవారం మీటింగ్ అయింది. ఏడాదికి ఒప్పందం కాగితాలు బల్ల మీద పెట్టారు. ఇది వస్తే చాలనుకున్నా కదా ఫిబ్రవరి నుంచీ, వచ్చింది. కేక్ కూడా తెచ్చారు. మేనేజర్ కప్పు పైకెత్తి "ఎవరో గానీ ఆ మహాతల్లి చల్లగా ఉండాలి" అన్నాడు. అందరూ తాగారు. నేను కప్పు కింద పెట్టేశాను. నువ్వు ఊగుతూ కనపడ్డావు.

బయటికి వచ్చాక వరండాలో కోల్బీని పట్టుకుని చెప్పేశాను. "ఆవిడ మా వదిన. ఆవిడకి చెవులు వినపడవు."

ముందు నవ్వాడు. తర్వాత నా మొహం చూసి ఆగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "డార్లీన్ గారూ, మీరన్నది నేను వినలేదు" అన్నాడు.

"వినపడేంత గట్టిగానే అన్నానే" అన్నాను.

"నేను వినలేదండీ. ఆ పేర్ల కింద సంగీతం ఉండాలని ఒప్పందంలో రాసి ఉంది, చూసుకుని సోమవారం సంతకం పెట్టండి" అని వెళ్లిపోయాడు. నాకు మేలే చేస్తున్నాడు, తెలుసు. నేనూ తలూపి ఇంటికి వచ్చేశాను. సోమవారాన్ని ఇంకో వారానికి జరపమన్నాను, కంట్లో చుక్కలు వేసుకోవాలని సాకు చెప్పి. ఈలోగా గదిలోంచి గదిలోకి తిరగడమే నా పని.

నిన్న ఒటీలియా కూహర్ ఫోన్ చేసింది. గుర్తుందా, ఆవిడ మొగుడు అన్నయ్య పక్కన అకార్డియన్ వాయించేవాడు. సోమవారం పోయాడు. పేరు రాసుకున్నాను, అక్షరాలు సరిచూసుకున్నాను, ఇక పెట్టేస్తుందనుకున్నా.

"డార్లీన్, ఒక్క మాట. చెబితే తప్పుగా అనుకోవద్దు" అంది. "మొన్న మిసెస్ మార్న్ పేరు చదివి, సిలువ గుర్తుకి చెయ్యి నుదుటి దాకా వెళ్లేలోపు ఇంకో ముగ్గురిని చదివేశావు. మా ఆయన లావు మనిషి. జీవితంలో ఎక్కడికీ తొందరగా వెళ్లలేదు. ఆయన్ని తోసెయ్యకు తల్లీ."

ఫోన్ పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది, మొగుడు పోయిన మనిషి.

పెట్టె పంపేయ్. ఈ ఉత్తరం అందగానే పోస్టులో వేసేయ్. వాళ్లకి ఏం రాస్తావో రాయి, నిజమే రాయి. పాత ఒప్పందం ఈ నెలాఖరుదాకా ఉంది కాబట్టి ఇరవై తొమ్మిదో తారీఖు ఆదివారం ఇంకా నాదే. నీ పెట్టె వెళ్లిపోయాకే చదువుతాను, కూహర్ పేరుని ఆ రోజుదాకా ఆపనా అని ఒటీలియాని అడిగాను, సరేనంది. కింద సంగీతం ఉండదు. ఆ తర్వాత సోమవారం నేను ఏం చేస్తానో ఇంకా నాకే తెలియదు. ధైర్యం చెప్పకు, రాదు.

డార్లీన్

&nbsp;

ఫెయిర్‌పోర్ట్ హార్బర్
జులై 1

డార్లీన్‌కు,

పెట్టె వెళ్లిపోయింది. నాకు చెవుడనీ, నువ్వు నా ఆడబిడ్డవనీ రాసి పెట్టాను. ఆదివారం నేను వేలమంది తరఫున కూర్చోలేదు, నా తరఫునే కూర్చున్నాను. ఊగలేదు. మిసెస్ లాహ్తికి ప్రాణం కుదుటపడి ఉంటుంది.

రెండు చేతులూ రేడియో మీదే పెట్టాను. పోల్కాలు అయ్యాయి, ఏదో వాల్ట్జ్ వచ్చింది. తర్వాత నీ గరగర. ఆగింది. సిలువ గుర్తు వేసుకుని చెయ్యి మళ్లీ పెట్టేదాకా నువ్వు నా కోసం ఆగే ఉన్నావు. మళ్లీ గరగర, మళ్లీ ఆగావు. ఎంత నిదానంగా చదివావే. నా చెయ్యి ఒక్కసారి కూడా వెనకబడలేదు.

చివరిగా చదివిన పేరు కూహర్‌దే అనుకుంటాను. సిలువ గుర్తు వేసుకున్నాను. చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. కరెంటు పోయిందేమోనని దీపం వంక చూశాను, వెలుగుతూనే ఉంది. అప్పుడు నాకు అర్థమైంది, నువ్వు సంతకం పెట్టవు.

పెట్టావా అని అడగను. ఈపాటికి సోమవారం అయిపోయింది. నీకు చాలా పెద్దదే పోయింది. ఏదో ఒకటి వస్తుందిలే అని నేను కబుర్లు చెప్పను. ఏడవాలనుంటే ఏడువు.

ఏడవడం అయ్యాక బస్సెక్కు. మంచు లేదు, మోకాళ్ల సాకు చెల్లదు. ఇన్నాళ్లూ నేను ఎవరెవరి కోసం ప్రార్థించానో నాకు తెలియదు డార్లీన్, ఒక్క పేరూ తెలియదు. పోయిన అక్టోబరు నుంచి నువ్వు చదివినవాళ్లంతా ఎవరో నువ్వే చెప్పాలి. కిటికీ పక్కన కూర్చోబెడతాను, వెలుతురు నీ మొహం మీద పడుతుంది. నీ నోరు ఎలాగూ పెద్దదే, చదువుకోవడం నాకు కష్టం కాదు.

తొందరపడకుండా చెప్పు. నాకు బాగా తెలిసినవాళ్లు ఉంటారు వాళ్లలో.

మీ వదిన